యలహంకలో నన్ను ‘అప్పా’ అన్న అవ్వ

నేను మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. తొంభైల చివర్లో, పందొమ్మిదేళ్ల వయసులో, మా సంఘంతో కలిసి తొలిసారి సువార్త యాత్రకు బెంగళూరు వచ్చాను. యలహంకలో ఒక తెలుగు నర్సు ఇంట్లో ప్రార్థన కూటం. నేను ఇంగ్లీషులో సాక్ష్యం చెబితే ఆమె తెలుగులో చెప్పాలి.

గుమ్మంలో బూట్లు విప్పుతుంటే ఆమె అత్తగారు వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“రా అప్పా, కూర్చో. తిండి అయ్యిందా అప్పా?”

మా మలేషియాలో అప్పా అంటే నాన్న. వెనక మా పాస్టరుగారు ఉన్నారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఇక్కడ చిన్నవాళ్లనీ ప్రేమగా అప్పా అంటారని నాకప్పటికి తెలియదు. “నన్నా?” అని తెలుగులోనే అడిగేశాను.

అవ్వ ముఖం వెలిగింది. “అయ్యో, నీకు తెలుగు వస్తాదే! ఇంక ఇంగ్లీషు ఎందుకప్పా?”

“నాది ఇంట్లో మాట్లాడే తెలుగు అవ్వా. తప్పులొస్తాయి. అందరూ నవ్వుతారు.”

“నవ్వనీలే. మా తెలుగులో సగం కన్నడమే ఉండాది. దేవునికి అర్థం కాకుండా పోయిందా?”

ఆ సాయంత్రం తడబడుతూ తెలుగులోనే సాక్ష్యం చెప్పాను. నిజంగానే నవ్వారు. వాళ్లతోపాటు నేనూ నవ్వాను. అప్పటిదాకా దేవుడితో ఇంగ్లీషులోనే మాట్లాడినవాణ్ణి, ముగింపు ప్రార్థన మాత్రం మా అమ్మ నాతో మాట్లాడే మాటల్లో చేశాను.