చేపల పుస్తకం చదివి రొయ్యలు పెంచాను

కోపం నాకు కొత్త కాదు. స్టాపులో బస్సు ఆపని డ్రైవరు మీద, గోతులు పూడ్చని కాంట్రాక్టరు మీద, ఒక్క సంతకానికి మూడుసార్లు తిప్పిన గుమస్తా మీద ఎన్ని అర్జీలు రాశానో నాకే గుర్తులేదు. బడికి వెళ్లింది రెండేళ్లే. ఆటోనగర్‌లో లేత్ మెషీన్ దగ్గర నిలబడి, సామాన్లు చుట్టివచ్చిన పాత పేపర్లు కూడబలుక్కుని చదువు నేర్చినవాణ్ణి. అలా నేర్చినవాడికి ఒక జబ్బు ఉంటుంది. అచ్చులో ఉన్నదంతా తనకోసమే రాశారనుకుంటాడు. ఆ జబ్బుతో నేను చేసిన పని ఒకటుంది. దాన్ని మాత్రం ఇంతవరకు ఏ కాగితం మీదా పెట్టలేదు.

పదకొండేళ్ల కిందట మెషీన్ పని మానేసి, పరవాడ పక్కన మా ఊరికి వచ్చి, ఎకరం చెరువులో మంచినీటి రొయ్యలు వేశాను. నీలకంఠ రొయ్యలంటారు. ఎదిగిన మగ రొయ్యకు రెండు చేతులూ నీలంగా, దాని ఒంటికన్నా పొడుగ్గా ఉంటాయి. భీమిలి వైపు నుంచి రొయ్య పిల్లను ప్లాస్టిక్ సంచుల్లో తెచ్చాను. సంచి మూతి వెంటనే విప్పకూడదు. చెరువులో కాసేపు తేలనివ్వాలి, లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒకే వేడికి రావాలి. సంచులు పట్టుకుని నాతోపాటు నీళ్లలో నిలబడినవాడు పక్క పొలం బావ. చుట్టరికం లేదు. చిన్నప్పటి నుంచీ బావా అంటే బావా అనుకున్నాం. అతని భార్య నన్ను అన్నయ్యా అని పిలిచేది. అతనిది వంగతోట. అతని తోటకూ నా చెరువుకూ నీళ్లు ఒకే గెడ్డలోంచి రావాలి; ఆ వాగు ముందు అతని తోటను తాకి, తర్వాత నా తూము దగ్గరకొస్తుంది.

రొయ్య పెంకు విడిచినప్పుడు ఒళ్లు వెన్నలా మెత్తగా ఉంటుంది. అప్పుడు పక్క రొయ్యే దాన్ని తినేస్తుంది. దాక్కోవడానికి నీళ్లలో తాటిమట్టలు వెయ్యాలి. ఆ మట్టలు బావే కొట్టి, భుజాన మోసుకొచ్చి, నడుంలోతు నీళ్లలో దిగి గుచ్చాడు.

"నా పశువుల శాలకి కప్పు లేదు గాని, నీ రొయ్యలకి తాటాకిల్లు కడతన్నాను బావా! గృహప్రవేశానికి పిలుత్తావా, లేదేటి?" అని నవ్వేవాడు.

ఐదో నెలలో నీళ్లు చిక్కగా పచ్చబడ్డాయి. నాచు తెట్టెలు కట్టింది. బావ గట్టు మీద నిలబడి చూసి, "సగం నీరు తీసేసి కొత్త నీరెట్టు బావా" అన్నాడు. అనుభవం ఉన్న మాట. నేను వింటానా? నా దగ్గర పుస్తకం ఉంది. చెరువుల్లో చేపలు పెంచడం గురించి రాసిన పుస్తకం. నాచు పోవాలంటే మైలుతుత్తం కలిపి చల్లమని అందులో ఉంది. పెన్సిలుతో గీత గీసుకున్నాను. సాయంత్రం ఆ నీలిరంగు పలుకులు బకెట్లో కరిగించి చెరువు నాలుగు వైపులా చల్లాను. అదే సాయంత్రం బావ తోటలో పురుగుమందు కొడుతున్నాడు.

తెల్లారి వెళ్లేసరికి రొయ్యలు ఒడ్డున పేరుకుపోయి ఉన్నాయి. కొన్ని ఇంకా చేతులు ఆడిస్తున్నాయి. నేను చల్లిన మందు నాకు గుర్తే రాలేదు. ప్రమాణం చేసి చెప్పగలను, ఆ క్షణంలో రాలేదు. పుస్తకం తప్పు చెబుతుందనే ఆలోచన నాకు లేదు. బావ వీపున స్ప్రేయరు డబ్బా ఒక్కటే కళ్లముందు నిలిచింది.

టీ కొట్టు దగ్గర నలుగురి ముందూ పట్టుకున్నాను. "డబ్బా గెడ్డలో కడిగినావు! నా సెరువులో పేనాలన్నీ తీసేసినావు!"

"లేదు బావా. నూతి కాడ కడిగినాను. అమ్మతోడు."

అతని భార్య పరుగెత్తుకొచ్చింది. నా ముఖం చూసింది, మొగుడి ముఖం చూసింది. "అన్నయ్య పుస్తకాలు సదివినోడు. ఊరకే అంటాడేటి?" అంది మొగుడితోనే. బావ తల దించుకుని తోటవైపు నడిచాడు.

నాలుగు రోజుల తర్వాత అదే పుస్తకం తీశాను. ఇంకేదో వెతకబోతే, నేను గీత గీసిన పేజీ వెనకవైపు, అధ్యాయం చివర చిన్న అక్షరాల్లో ఒక వాక్యం కనిపించింది. రొయ్యలున్న చెరువులో ఈ మందు వాడరాదు. మూడుసార్లు చదివాను. అవసరమైన ముక్క దొరకగానే చదవడం ఆపేసినవాణ్ణి, పేజీ తిప్పలేదు. తిప్పిన తర్వాతైనా అన్న మాట వెనక్కి తిప్పుకోవచ్చు కదా! టీ కొట్టు రెండు వందల అడుగుల దూరం. వెళ్లలేదు. ఈ రోజు కాదు రేపు అనుకున్నాను, రేపు కాదు పండగ వెళ్లాక అనుకున్నాను. ఆ వారమే బావ కాపు మీదున్న వంగతోట పీకేశాడు. మళ్లీ డబ్బా వీపున ఎత్తలేదు. ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు వాచ్‌మన్‌గా కుదిరాడు.

ఏడాది తిరిగాక అతనే వచ్చి పలకరించాడు. నేనేదో పెద్దమనసుతో క్షమించినట్టు పలికాను. నా బతుకులో ఇంతకన్నా నీచమైన పని వెతికినా దొరకదు.

ఈ వేసవిలో కంటి పరీక్షల శిబిరానికి ఇద్దరం కలిసి వెళ్లాం. బెంచీ మీద పిలుపు కోసం కూర్చున్నాం. బావ నేలకేసి చూస్తూ ఉన్నట్టుండి అన్నాడు:

"నూతి కాడ కడిగినానో, గెడ్డలో కడిగినానో నాకే గురుతు రావట్లేదు బావా. గెడ్డలోనే కడిగుంటాను."

ఇక ఆగలేకపోయాను. "నువ్వు కాదు బావా. సెరువులో మైలుతుత్తం ఏసింది నాను" అన్నాను.

అతను నవ్వాడు. "ముసిలోడు బెంగెట్టుకున్నాడని ఊరడించేత్తన్నావ్. నీకింత మంచితనం ఎప్పుడొచ్చింది?"

"పుస్తకంలో ఉంది బావా. ఇంటికాడే ఉంది, సూపిత్తాను."

"నాకు అచ్చరం ముక్క రాదని తెలిసే సూపిత్తానంటన్నావా?"

అంత గట్టిగా నమ్మించాను మరి, నా నిజం నాకే అక్కరకు రాలేదు. సాయంత్రం ఏ వేళకు కరిగించానో, ఏ మూల నుంచి మొదలుపెట్టానో మొత్తం చెప్పాను. వింటూ వింటూ అతని నవ్వు ఆగిపోయింది.

"ఆయేళ నీ సేతులు నీలంగా ఉన్నాయి" అన్నాడు మెల్లగా. "ఏటని అడిగితే, గేటుకి రంగేసినానన్నావు."

అది నాకు గుర్తులేదు. అతనికుంది. పుస్తకం మందు వేస్తున్నానంటే, నీరు మార్చమన్నవాడు నవ్వుతాడని అలా అని ఉంటాను. లోపలి నుంచి అతని పేరు పిలిచారు. లేవలేదు. రెండోసారి పిలిచారు. "మీ సెల్లికి సెప్పు" అన్నాడు.

"నువ్వే సెప్పు బావా."

"నాను ఏళ్ల తరబడి సెప్పినాను. నమ్మలేదు. నువ్వు సెప్తే నమ్ముతాది."

కళ్లు చూపించుకోకుండానే ఆటో ఎక్కాం. చెల్లి వాకిట్లో పీట వేసుకుని చింతపండు గింజలు తీస్తోంది. ఇప్పుడు ఆమెకు చెవులు సరిగా వినపడవు. నేను ఎదురుగా నిలబడి చెప్పాను.

"ఏటన్నయ్యా?"

బావ గుమ్మానికి ఆనుకుని ఉన్నాడు. "గట్టిగా సెప్పు. ఆ రోజు గట్టిగానే సెప్పినావు గదా."

గట్టిగా చెప్పాను. రొయ్యల్ని చంపింది నేనని, నాలుగు రోజులకే నాకు తెలిసిందని, తెలిసీ ఊరుకున్నానని. ఎదురింటివాళ్లు బయటికొచ్చి చూశారు. వాళ్లకూ వినపడేలా ఇంకోసారి చెప్పాను.

చెల్లి నావైపు చూడలేదు. మొగుడివైపు తిరిగింది. "మరి గెడ్డలోనే కడిగినానని నాకాడ ఎందుకొప్పుకున్నావు?"

"నువ్వడగడం ఆపుతావని."

ఆమె చేతిలోని గింజలు పళ్లెంలో వదిలి, లేచి వెళ్లి అతని పక్కన గుమ్మంలో కూర్చుంది. అతనూ జరిగి చోటిచ్చాడు. నేను వాకిట్లో నిలబడే ఉన్నాను. కూర్చోమని వాళ్లు అనలేదు, వెళ్లమనీ అనలేదు.