ఒజ్జ దగ్గరికి

మొన్న ప్రొద్దుటూరులో మా ఎదురింటి గేటుకు ‘హోమ్ ట్యూటర్ కావలెను’ అన్న అట్ట వేలాడుతుంటే చదివి, మా కాలంలో అలాంటివారిని ‘ప్రైవేటు ఐవారు’ అనేవాళ్ళం కదా అనుకున్నాను. బడి ఐవారు అందరివాడు, ప్రైవేటు ఐవారు మనవాడు. ప్రైవేటు అనే ఇంగ్లీషు మాటకు మనం తగిలించుకున్న అర్థం అదే. అంతకన్నా పాత మాట ఒకటుందని నాకు చెప్పింది, జమ్మలమడుగులో నాకు లెక్కలు నేర్పిన చూపులేని పెద్దాయన.

నేను పదో తరగతి లెక్కల్లో తప్పినప్పుడు, చదివింది చాలు, ఇక చేనికి రమ్మన్నాడు మా నాయన. ఆ సాయంత్రమే నోటుబుక్కు తీసుకుని, మా వీధి చివర ఉండే రిటైరైన ఐవారింటికి పోయాను. అప్పటికే ఆయనకు రెండు కళ్ళూ పోయాయి.

“నాకు కనపడదు పాపా. ప్రతి మెట్టూ నువ్వు నోటితో చెప్పల్ల. యాడ తప్పితే ఆడ ఆపుతా” అన్నాడు.

అంతవరకూ లెక్కను చూసి దించుకోవడమే తప్ప, ఈ మెట్టు తరవాత ఆ మెట్టు ఎందుకో చెప్పవలసిన అవసరం నాకు రాలేదు. మొదటి వారమంతా ప్రతి రెండో మెట్టు దగ్గరా ఆపాడు. పట్టు వదలక పోతూనే ఉంటే, నెల తిరిగేసరికి ఆయన ఆపడం తగ్గింది.

ఒకరోజు, మిమ్మల్ని ఏమని పిలవాలని అడిగాను.

“ఒజ్జ అను. ఉపాధ్యాయుడనే మాటే జనం నోళ్ళల్లో అరిగి అరిగి ఒజ్జ అయింది. దగ్గరికి పోయి చదువుకునేదానికి తగినోడని అర్థం” అన్నాడు.

పరీక్షకు రెండు నెలలున్నాయనగా, ఒంట్లో బాగాలేదని ఆయనను కూతురు పులివెందులకు తీసుకుపోయింది. ఇక ప్రైవేటు ముగిసినట్టేనన్నాడు నాయన. నాకు ఏడుపు రాలేదు, మొండితనం వచ్చింది.

“దగ్గరికి పోయేది మన పని నాయనా. ఆయన దూరం పోయినాడు, నేనే పోతా” అన్నాను.

ఆదివారం తెల్లవారగానే నాయన చెప్పులేసుకుని, “పా, బస్సు పోతాది” అన్నాడు.

ఆ రెండు నెలలూ ప్రతి ఆదివారం ముద్దనూరులో బస్సు మారి పులివెందుల పోయేవాళ్ళం. మంచం మీద పడుకున్న ఒజ్జకు నేను లెక్క వినిపిస్తుంటే, అక్షరం రాని నాయన గడప దగ్గర కూర్చుని వినేవాడు. ఒకసారి నాయనే, “ఇందాక ఇట్ల చెప్పలేదే” అని నా తప్పు పట్టుకున్నాడు.

“మీ నాయన నీకన్నా బాగా వింటాండాడు” అన్నాడు ఒజ్జ.

పాసయ్యాను. ఆ కబురు ఒజ్జకు నాయనే స్వయంగా పోయి చెప్పి వచ్చాడు. ఏమన్నాడని అడిగితే, “ఏ లెక్క తప్పినావో కనుక్కోమన్యాడు” అన్నాడు.

తరవాత నేనూ లెక్కల టీచరునయ్యాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ, ఒక్క లెక్కయినా నోటితో చెప్పించకుండా ఏ బిడ్డనూ పై తరగతికి పంపలేదు. ఇప్పటి పిల్లలకు జవాబు ఎక్కడైనా దొరుకుతుంది, దొరకనీ, దానికి నాకు కోపం లేదు. కానీ ఒక బిడ్డ తడబడుతూ, ఆలోచించుకుంటూ మెట్టుమెట్టుగా చెబుతుంటే, ఎదుట కదలకుండా కూర్చుని వినే తీరిక మాత్రం ఇప్పుడు ఏ ఇంట్లోనూ కనిపించడం లేదు.