తాతగారు తప్పిపోయిన శనివారం

స్కూలు వ్యాను నడిపే ఆవిణ్ణి పిల్లలు మొదట్లో వ్యానక్క అనేవారు. పోను పోను అది కంగారక్క అయి కూర్చుంది. పేరు పెట్టినవాళ్ళ తప్పేమీ లేదు. పిల్లలందర్నీ దించేశాక కూడా సీట్ల కిందికి వంగి చూసి, దిగి, మళ్ళీ ఎక్కి ఇంకోసారి చూసుకుంటే తప్ప వ్యానుకు తాళం వేసేది కాదు. గ్యాసు కట్టేశానో లేదోనని సగం దారిలోంచి ఇంటికి తిరిగొచ్చిన రోజులు కొల్లలు. "కంగారు నీతో పాటే పుట్టిందే అక్కా, మాటలు తర్వాత వచ్చాయి," అని చెల్లెలు నవ్వేది.

ఆ చెల్లెలూ మరిదీ కలిసి టైలరు షాపు నడుపుతారు. పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి ఒక్క ఊరు చూసింది లేదు. ఎప్పుడడిగినా ఒకటే మాట, కుక్కల్ని ఎవరు చూస్తారని. బడికి వేసవి సెలవులిచ్చారు గనక ఈసారి కంగారక్కే పట్టుబట్టింది. "శని, ఆదివారాలు సముద్రం దగ్గర గడిపి రండి. తోటా, కుక్కలూ నా పూచీ."

"నీ పూచీ అంటేనే నాకు భయం," అంది చెల్లెలు. అన్నా, శనివారం తెల్లారగానే మొగుడితో బస్సెక్కింది.

కుక్కలు రెండు. ఒకటి చిటపట. పేరుకు తగ్గట్టు కుదురులేని కుక్కపిల్ల, చెప్పు కనబడితే చాలు పళ్ళు పెట్టేస్తుంది. రెండోవారు తాతగారు. చెల్లెలు పాలసీసాతో పెంచిన తెల్ల బొచ్చుకుక్క. ఇప్పుడు రెండు కళ్ళూ పోయాయి, చెవులు కూడా అంతంతమాత్రం. ఇంట్లో అందరూ ఆయన గురించి మర్యాదగానే మాట్లాడతారు. "తాతగారు భోంచేశారా?" అని మరిది అడిగితే తెలియనివాళ్ళు లోపల ఎవరో పెద్దాయన ఉన్నారనుకునేవాళ్ళు.

ఆ పొద్దున చెల్లెలింట్లో కంగారక్కకు ప్రాణం హాయిగానే ఉంది. గులాబీలు విరగబూశాయి. గోడ పొడుగునా పొద్దుతిరుగుడు పూలు తలలెత్తి నిలబడ్డాయి. జామచెట్టు కింద కుర్చీ వేసుకుని, కాళ్ళ దగ్గర తాతగారూ, ఒళ్ళో చిటపటా ఉండగా కాఫీ తాగింది. ఇంత సుఖం ఊరికే వస్తుందా, ఏదో మరిచిపోయే ఉంటాను అనిపించి రెండుసార్లు లేచి గేటు గొళ్ళెం చూసొచ్చింది. వేసే ఉంది.

పదకొండు దాటేసరికి ఎండ పెటపెటలాడింది. మెట్ల దగ్గర్నుంచి వెనక కంచె దాకా బాటకు రెండు వైపులా కుండీలు బారులు తీరి ఉన్నాయి. వాటిలో మొక్కలు తలలు వాల్చేశాయి. పొద్దున పోసిన నీళ్ళు ఏ మూలకీ రాలేదు. చెల్లెలు వచ్చేసరికి ఇవన్నీ మాడిపోతే? తాతగారు లోపల ఫ్యాను కింద గురక పెడుతున్నారు. కంగారక్క నడుం బిగించి, కుండీలన్నిటినీ ఒక్కొక్కటే ఈడ్చి గోడ నీడకు చేర్చింది. చివర్న కంచెకు ఆనించి ఉన్న పెద్ద కుండీ కదలనంటే కదలనంది. దాన్ని దొర్లించేసరికి నడుం పడిపోయింది. లోపలికెళ్ళి చల్లగా స్నానం చేసింది. బయటికొచ్చి చూస్తే ఫ్యాను కింద తాతగారు లేరు.

మంచం కింద లేరు. వంటింట్లో లేరు. తోటలోనూ లేరు. గేటు గొళ్ళెం వేసినట్టే ఉంది. పరుగున వెనక్కి వెళ్తే, పెద్ద కుండీ ఉన్న చోట కంచెకు మనిషి దూరేటంత కంత. దాని తీగకు చిక్కుకుని తెల్లటి బొచ్చు.

ఆ కుండీ అక్కడెందుకుందో అప్పుడర్థమైంది. మంచికి పోతే చెడు ఎదురైనట్టయింది.

చిటపటకు గొలుసు తగిలించి వీధిలోకి లాక్కెళ్ళింది. వాసన పట్టి దారి చూపిస్తుందనుకుంటే అది తిన్నగా బేకరీ ముందుకు తీసుకెళ్ళి తోక ఊపింది. దాన్ని ఇంట్లో పడేసి, వ్యాను తీసి వీధి వీధీ తిరిగింది. చెవులు అంతంతమాత్రమని తెలిసీ హారన్ కొడుతూనే ఉంది. ఒకావిడ గుమ్మంలోకొచ్చి, "సెలవులన్నారుగా, బడి ఉందా ఏంటి ఇవాళ?" అని హడలిపోయింది. "లేదమ్మా, తెల్ల కుక్క కనబడిందా? కళ్ళు లేవు," అంది కంగారక్క. ఆవిడ చూళ్ళేదంది. ఎవరూ చూళ్ళేదన్నారు. కనబడ్డ ప్రతి లారీ కిందికీ వంగి చూసింది.

ఫోను చేస్తే చెల్లెలి ప్రయాణం పాడు. చెయ్యకపోతే? రెండుసార్లు నొక్కబోయి మానేసింది. మూడోసారి నొక్కేసింది.

"తాతగారు కనబడ్డంలేదే. నేనే... కుండీలు నీడకు జరిపాను."

అవతల అలల చప్పుడు.

"పెద్దది కూడానా?"

"అది కూడా."

"అక్కా, ఆ కుండీలు రాసుకుంటూనే ఆయన నడుస్తారే! పెద్దది ముక్కుకు తగిలితే వెనక్కి తిరుగుతారు." చెల్లెలు అరిచేసింది. మరుక్షణం కూడదీసుకుంది. "వీధులు తిరక్కు. నేల కాలితే ఆయన అడుగు తీసి అడుగు వెయ్యరు. నీడ ఎటుంటే అటే పోయుంటారు. చూడు. మేం బయల్దేరుతున్నాం."

కంగారక్క వ్యాను గేటు ముందు వదిలేసి తోటకొచ్చింది. మోకాళ్ళ మీద వంగి ఆ కంతలోంచే దూరింది. తీగ గీరుకుని మోచెయ్యి చీరుకుపోయినా తెలియలేదు. అవతల ఇళ్ళ వెనక సందు. ఒక పక్క నిప్పుల మీద వేసిన పెనంలా ఉంది, ఇంకో పక్క గోడవారగా సన్నటి నీడ. ఆ నీడ పట్టుకునే నడిచింది. నీడ సందు మలుపు తిరిగి, ఒక లాండ్రీ పెరట్లోకి పోయింది. తడి దుప్పట్లు బారుగా ఆరేసి ఉన్నాయి. వాటి కింద నీళ్ళోడుతున్న గచ్చు మీద, కాళ్ళు చాపేసి తాతగారు.

లాండ్రీ ఆవిడ పక్కన చతికిలబడి ఆయన పొట్టమీద తడిగుడ్డ అద్దుతోంది. తలెత్తి చూసి గయ్‌మంది. "మీదేనా? ఇంత ఎండలో గుడ్డి జీవాన్ని ఎలా వదిలేశారమ్మా? మనుషులేనా మీరు!"

కంగారక్క పక్కన కూలబడి చెయ్యి వేసింది. ఒళ్ళు కాలిపోతోంది. ఊపిరి ఆడుతోంది గానీ, పిలిస్తే చెవి కదల్లేదు.

"ఏడుపు తర్వాత," అంది లాండ్రీ ఆవిడ, గొంతు కాస్త దించి. "ముందు ఎత్తండి. అటు మీరు పట్టుకోండి."

తడి దుప్పట్లో చుట్టి ఇద్దరూ మోసుకొచ్చి గేటు ముందున్న వ్యానులోకి చేర్చారు. తిట్టిన ఆవిడే వెనక సీట్లో ఆయన్ని ఒళ్ళో పెట్టుకు కూర్చుంది. పశువుల డాక్టరు సెలైను ఎక్కించి, కాలిన పాదాలకు మందు రాసి, "సాయంత్రం దాకా ఏమీ చెప్పలేను," అన్నాడు. ఆ మాటతో కంగారక్కకు ఆ మధ్యాహ్నం గడవలేదు. పొట్ట లేచిందా, పడిందా అని రెప్ప వెయ్యకుండా చూసింది. ఒకసారి లేచాక పడ్డం ఆలస్యమైతే తన ఊపిరీ ఆగిపోయేది.

పొద్దు వాలేవేళ తాతగారు నాలుక చాచి రెండు గుక్కలు నీళ్ళు నాకారు. అప్పుడు ఏడ్చింది కంగారక్క. "గండం గడిచినట్టే. కానీ ఇక ఒంటరిగా మెట్లు దిగనివ్వకండి, గుండె బలహీనంగా ఉంది," అన్నాడు డాక్టరు.

ఇంటికి చేరేసరికి చెల్లెలూ మరిదీ గుమ్మంలో ఉన్నారు, చెప్పుల నిండా ఇసకతో. చెల్లెలు అక్క మొహం కూడా చూడకుండా కుక్కను అందుకుని లోపలికెళ్ళిపోయింది. మరిది మాత్రం, "మీ చెయ్యి చూసుకున్నారా వదినా? రక్తం కారుతోంది," అన్నాడు మెల్లగా.

ఆదివారం తోటలో ఎక్కడి కుండీలక్కడికి చేరాయి. తాతగారు చెట్టు కింద పడుకుంటే చిటపట కూడా అల్లరి మాని ఆయన పక్కనే ముడుచుకుంది. మధ్యాహ్నం చెల్లెలు రెండు కంచాల్లో అన్నం పెట్టుకొచ్చి ఒకటి అక్క చేతికిచ్చింది.

"నా మీద కోపం పోలేదు కదూ?" అడిగింది కంగారక్క.

"పోలేదు. నువ్వు ఫోను చెయ్యకుండా ఉంటే ఎప్పటికీ పోయేది కాదు. ఇది మెల్లగా పోతుందిలే," అంటూ చెల్లెలు పక్కనే కూర్చుంది. "తిను. నిన్నట్నుంచీ ఏమీ తినలేదు నువ్వు."