ఆ పొరపాటు మా మేడమ్‌గారిది కాదు

మా మేడమ్‌గారు పోయారని ఆవిడ తమ్ముడు ఫోన్ చేసేసరికి నేను గవర్నర్‌పేటలో మా ల్యాబులో ఒకాయన చేతికి రబ్బరు పట్టీ కట్టి నరం వెతుకుతున్నాను. పట్టీ విప్పేసి, ఆయన్ని కాసేపు కూర్చోమని చెప్పి వెనక గదిలోకి వెళ్లాను. "మధ్యాహ్నం అన్నం తిని పడక్కుర్చీలో వాలిందమ్మా. నాలుగింటికి కాఫీ ఇద్దామని లేపితే లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు" అన్నారు తమ్ముడుగారు. ఆయన గొంతు మామూలుగానే ఉంది. ఇంకా నమ్మలేదనుకుంటాను, నాలాగే. తిరిగొచ్చి ఆ పెద్దమనిషికి ఒక్క పోటులో నరం పట్టుకున్నాను. గొట్టం మీద పేరు రాసి, సంతకం పెట్టి, చేతులు కడుక్కుని, అప్పుడు ఏడ్చాను.

ఆవిడ విజయవాడలో ఒక మెడికల్ కాలేజీలో ఫార్మకాలజీ ప్రొఫెసరుగా చేశారు. ఏ మందు ఒంట్లోకెళ్లి ఏం చేస్తుందో చెప్పే పాఠం అది. నేను డాక్టర్ని కాను. ల్యాబు టెక్నీషియన్ కోర్సు చదివి, ఆవిడ పరిశోధనలో నాలుగేళ్లు అసిస్టెంటుగా పనిచేశాను. నా చేతికి పని వచ్చింది అక్కడే.

కాలేజీలో సంతాపసభ పెట్టారు. ఆవిడతో పనిచేసిన పెద్దాయన ఒకరు మైకు ముందుకొచ్చి బాగానే మాట్లాడారు. ఎంత క్రమశిక్షణో, పిల్లలంటే ఎంత ప్రేమో అన్నీ చెప్పి చివర్లో, "పాపం, ఆ ఒక్క పరిశోధన పేపరూ వెనక్కి తీసుకోవాల్సి రావడమే ఆవిడ జీవితంలో చిన్న మచ్చ" అన్నారు. హాల్లో నలుగురైదుగురు అవునన్నట్టు తలలూపారు. నేను మూడో వరుసలో ఉన్నాను. మైకు నా దాకా వచ్చింది. "మేడమ్‌గారు చాలా మంచివారండీ" అని ఒక్క ముక్క చెప్పి కూర్చున్నాను.

ఆ మచ్చ నాది. ఆ పేపరు పాడుచేసింది నేను. ఇన్నేళ్లూ ఆవిడ బతికుండగా చెప్పలేదు, పోయాక మైకు చేతికిస్తే కూడా చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఆవిడ ఎలాంటి మనిషో చెప్పాలి. మైలవరం దగ్గర రైతు కుటుంబంలో పుట్టారు. మనిషి పొట్టి, నడక మాత్రం బారు. ఆవిడ వెనకాల నడవాలంటే నేను పరుగెత్తాల్సి వచ్చేది. రక్తపోటు ఎవరిది చూసినా రెండుసార్లు చూసేవారు. మొదటిది కొట్టేసి రెండోదే రాసేవారు, మొదటిసారి మనిషి భయం కూడా అందులో కలిసి వస్తుందని. నేను కొత్తలో అందరికీ నూట ముప్ఫై, నూట నలభై అని చివర సున్నాకి సర్ది రాసుకొస్తే కళ్లజోడు పైకి తోసి, "రక్తపోటుకి సున్నా అంటే అంత ప్రేమేం లేదమ్మా. ఉన్నది ఉన్నట్టు రాయి" అన్నారు. ఇంకోమాట అస్తమానం అనేవారు, "సూది గుచ్చేముందు పేరు అడుగు, గుచ్చేటప్పుడు ఊరు అడుగు" అని. పేరు అడిగితే గొట్టాలు తారుమారు కావు. ఊరు అడిగితే మనిషి చెప్పే ధ్యాసలో పడి నొప్పి మర్చిపోతాడు. మా ల్యాబులో కొత్తగా చేరినవాళ్లకి ఇప్పటికీ ఇదే చెబుతాను, ఎవరు చెప్పారో మాత్రం చెప్పకుండా.

ఉప్పు తగ్గించండని ఊరూరా తిరిగి చెప్పే ఆవిడ, బస్సులో టిఫిన్ డబ్బా తీస్తే అందులో ఆవకాయ ఎర్రగా మెరిసిపోతుండేది. "ఇదేంటి మేడమ్?" అంటే, "నేను కంట్రోల్ గ్రూపులే. మందు పడనివాళ్లు కూడా ఒకళ్లు ఉండాలిగా" అని ఇంకో ముక్క వేసుకునేవారు.

ఆవిడ పరిశోధన మొత్తం ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది. బీపీ బిళ్లలు రోజూ వేసుకుంటున్నా కొందరికి ఎందుకు తగ్గదు? డాక్టర్లు చాలామంది, "మీరు సరిగ్గా వేసుకోవట్లేదు" అని రోగినే కసురుతారు. మేడమ్‌గారు మాత్రం, "మందు పనిచేయకపోతే ముందు మందుని అనుమానించాలి, మనిషిని కాదు" అనేవారు. మూత్రపిండాల మీద టోపీల్లా రెండు చిన్న గ్రంథులుంటాయి. వాటిలో ఊరే ఆల్డోస్టిరాన్ అనే హార్మోను, ఉప్పు బయటికి పోకుండా ఒంట్లో పట్టి ఉంచుతుంది. అది అతిగా ఊరే వాళ్లకి మామూలు బిళ్లలు చాలవు. దాన్ని అడ్డుకునే పాత బిళ్ల ఒకటుంది, ఖరీదైనదేం కాదు. ఎవరికి ఆ బిళ్ల అవసరమో రక్తం చూసి తేల్చాలి. అలాంటివాళ్లు మన పల్లెల్లో ఎంతమంది ఉన్నారో ఎవరూ వెతకలేదని ఆవిడ బాధ.

పెడన వైపు ఒక నేత ఊరిని ఎంచుకున్నారు. నేను నేతవాళ్ల ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి ఊళ్లో మాట కలుపుతానని నన్ను తీసుకెళ్లారు. మాట కలిపాను. కలిపి కలిపి మొత్తం చెడగొట్టాను.

పంచాయతీ ఆఫీసు గదిలో ఆవిడ నడవగలిగిన వాళ్లకి బీపీ చూసి రక్తం తీసేవారు. అంత దూరం రాలేని ముసలివాళ్ల ఇళ్లకి నేను వెళ్లేదాన్ని. ఎలా తీయాలో కాగితం మీద రాసిచ్చారు. లేచి రెండు గంటలు అటూ ఇటూ మసలి ఉండాలి, తర్వాత పావుగంట కుర్చీలో కూర్చోబెట్టాలి, అప్పుడు తీయాలి. మొదటిరోజే ఒక తాత సూది చూసి కళ్లు తేలేసి కుర్చీలోంచి జారిపోయాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మర్నాటి నుంచి పెద్దవాళ్లందర్నీ నులకమంచం మీద పడుకోబెట్టాను. నిజం చెప్పాలంటే భయం ఒక్కటే కారణం కాదు. తెల్లారకముందే మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న పెద్దవాళ్లు లేచి వస్తే, మా ఇళ్లల్లో కుర్చీ చూపించరు. మంచం వాల్చి, "కాసేపు నడుం వాల్చు" అంటారు. అది మర్యాద. కాగితం మీద ఉన్న కుర్చీ కన్నా ఆ మంచమే మంచిదని నా బుద్ధికి తోచింది. ఒక్కొక్కళ్లూ అరగంట హాయిగా పడుకునేవారు. నేను పక్కన కూర్చుని కబుర్లు చెబుతూ రక్తం తీసేదాన్ని. ఊళ్లో నాకు ఎంత మంచి పేరో!

ఫలితాలు వచ్చాయి. వయసులో ఉన్నవాళ్లలో ఆ హార్మోను ఎక్కువున్నవాళ్లు చాలామందే కనిపించారు, ముసలివాళ్లలో దాదాపు లేరు. తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. పేపరు రాశారు, పత్రిక వాళ్లు ఒప్పుకున్నారు, అచ్చయింది. ఆవిడ సర్వీసు ఇంకో ఏడాదిలో అయిపోతుంది, ఇన్నేళ్లకి ఒక పెద్ద పని చేశానన్న తృప్తి ఆ ముఖంలో మొదటిసారి చూశాను. ఆరోజు ల్యాబులో అందరికీ బందరు లడ్డు పంచారు.

లడ్డు తింటూ నా ఫోన్లో ఊరి ఫోటోలు చూపించమన్నారు. ఒకదాని దగ్గర ఆగారు. ఒక మామ్మ మంచం మీద వెల్లకిలా పడుకుని నవ్వుతోంది, పక్కన నేను సిరంజి పట్టుకుని ఉన్నాను.

"ఈవిడ పడుకుందేంటి? ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది మేడమ్. పెద్దవాళ్లందర్నీ అలాగే పడుకోబెట్టి తీశాను. ఒక్కళ్లు కూడా కళ్లు తిరిగి పడలేదు తర్వాత" అన్నాను. గొప్పగానే చెప్పాను, మెచ్చుకుంటారనుకుని.

"అందర్నీనా?"

"అందర్నీ."

"ఎంతసేపు?"

"అరగంట... ఒక్కోసారి ఇంకా ఎక్కువ."

చేతిలో లడ్డు కాగితం మీద పెట్టేశారు. కేకలేయలేదు. మనిషి నిలబడి ఉంటే ఆ హార్మోను పెరుగుతుంది, పడుకుంటే తగ్గిపోతుంది అని నెమ్మదిగా చెప్పారు. ఎక్కువ ఊరే ముసలివాళ్లు కూడా మంచం మీద పడుకుని మామూలు మనుషుల్లా కనిపించారన్నమాట. "ముసలివాళ్లకి ఈ బిళ్ల అక్కర్లేదని మనం అచ్చేశాం. అది చదివి ఏ డాక్టరన్నా ఈ మామ్మకి బిళ్ల రాయకపోతే?" అన్నారు.

పక్క గది ప్రొఫెసరుగారు ఆవిడ మంచి కోరే చెప్పారు. "ఎవరికి తెలుస్తుందండీ? కూర్చోబెట్టి తీశామనే కాగితాల్లో ఉందిగా. రిటైరయ్యే ముందు ఎందుకీ గోల?"

"నాకు తెలిసిందిగా అండీ" అన్నారు మేడమ్‌గారు.

పేపరు వెనక్కి తీసుకుంటూ రాసిన ఉత్తరం నా చేతే టైపు చేయించారు. రక్తం తీయడంలో పొరపాటు జరిగింది, బాధ్యత నాది, అని రెండే వాక్యాలు. నేను కీబోర్డు మీద చేతులు పెట్టి ఉండిపోయాను. "నా పేరు రాయండి మేడమ్" అన్నాను. "నీకింకా ఉద్యోగం రాలేదు. నా ఉద్యోగం అయిపోవస్తోంది. టైపు చెయ్యి" అన్నారు. చేశాను. ఇప్పుడు తలుచుకుంటే, రెండోసారి అడగకుండానే చేశాను. అదీ నా నిజాయితీ.

తర్వాత ఒక ఇంటర్వ్యూలో, "పేపరు వెనక్కి తీసుకున్నారే, ఆవిడ దగ్గరేనా నువ్వు చేసింది? పని అంత అజాగ్రత్తగా ఉండేదా అక్కడ?" అని అడిగారు. నేను తల వంచుకుని నవ్వాను. ఆ నవ్వుకి వాళ్లు ఏ అర్థం తీసుకున్నారో నాకు బాగా తెలుసు. ఉద్యోగం వచ్చింది. మేడమ్‌గారికి ఫోన్ చేసి చెబితే ఎంత సంతోషించారో, జీతం ఎంతని కాదు, "సెంట్రిఫ్యూజ్ మంచిది ఉందా అక్కడ?" అని రక్తం తిప్పే మిషను గురించి అడిగారు.

రిటైరయ్యాక ఆవిడ ఆ ఊరికి మళ్లీ వెళ్లారు. పేపరు కోసం కాదు, ఆ వయసులో ఆవిడకి పేపరు దేనికి? ఆ ముసలివాళ్లందరికీ తనే స్వయంగా, పద్ధతి ప్రకారం మళ్లీ రక్తం తీశారు. హార్మోను ఎక్కువున్నవాళ్ల చీటీలు పట్టుకెళ్లి అక్కడి ప్రభుత్వ డాక్టరుతో మాట్లాడి బిళ్లలు మార్పించారు. ఆ బిళ్లతో రక్తంలో పొటాషియం పెరగొచ్చు కాబట్టి ఆ పరీక్షలు తప్పకుండా చేయించమని ఆయన వెంటపడ్డారు. నన్ను రమ్మన్నారు. కొత్త ఉద్యోగం, సెలవు దొరకదన్నాను. అడిగితే దొరికేది.

మొన్న ఆదివారం బందరు బస్సెక్కి ఆ ఊరు వెళ్లాను. ఫోటోలో మంచం మీద నవ్విన మామ్మ ఇంకా ఉంది. అరుగు మీద కూర్చుని దారం చుడుతోంది, లోపల కొడుకు మగ్గం ఆడుతోంది. నన్ను గుర్తుపట్టింది.

"డాక్టరమ్మ బాగుందా?"

"పోయారు మామ్మా. ఇరవై రోజులవుతోంది."

చేతిలో పని ఆపేసింది. నేను పక్కన కూర్చుని, వచ్చిన పని చెప్పేశాను. "అప్పుడు మిమ్మల్ని పడుకోబెట్టి రక్తం తీశాను చూడు, అది తప్పు. ఆ తప్పు నాది. ఆవిడ తన మీదేసుకున్నారు."

"పడుకోమన్నావ్, పడుకున్నా. నడుం పీకేస్తంటే హాయిగానే ఉంది. దానికేముందే?"

"దానివల్లే మళ్లీ తీయాల్సొచ్చింది."

"అదా?" అంది మామ్మ. "ఆయమ్మ వచ్చి ఇదుగో, ఇక్కడే కూర్చుంది. 'పోయినసారి తప్పు చేశానమ్మా, మళ్లీ రక్తం ఇస్తారా' అనడిగింది. మా ముసలాయన కుదరదన్నాడు. ఒకసారి ఇచ్చాంగా, ఎన్నిసార్లు ఇస్తాం అని. నేనన్నాను, మన బతుకులో ఏ డాక్టరన్నా తప్పు నాదని మనతో అన్నాడంటయ్యా? ఈ ఒక్కమ్మ అంది. చెయ్యి చాపు అన్నాను. ఈ వీధి వీధంతా అందుకే ఇచ్చింది."

"ఆ మాట నేననాల్సింది మామ్మా" అన్నాను. ఇక ఆపుకోలేకపోయాను.

"ఇప్పుడన్నావుగా. ఊరుకో" అని నా వీపు మీద చెయ్యేసి, లోపలికి కేకేసింది. "ఒరేయ్, ఆపరా. డాక్టరమ్మ పోయిందంట."

లోపల మగ్గం ఆగింది. వీధిలో అయినవాళ్లు ఎవరైనా పోతే ఆ పూటకి మగ్గం ఆపేస్తారు, మా వైపూ అంతే. కొడుకు బయటికొచ్చి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని, పక్కింటి గుమ్మం దాకా వెళ్లి చెప్పాడు. అక్కడా చప్పుడు ఆగింది. ఆ ఇంటివాళ్లు ఎదురింటికి చెప్పారు. ఒక్కో ఇల్లే ఆగుతూ వెళ్లింది. నేను, మామ్మ అరుగు మీద వింటూ కూర్చున్నాం. వీధి చివర ఒక్క మగ్గం మాత్రం ఇంకా ఆడుతోంది. ఒకామె కొంగు సర్దుకుని అటు నడిచింది. కాసేపటికి అదీ ఆగింది.