ట్యాంకర్ నీళ్ళ మీద రాసినందుకు

నలభై రెండేళ్ళకు నాకు అక్షరాలు వచ్చాయి. తొంభైల్లో, సూరత్‌లో, ఖటోదరా బస్తీలో మన తెలుగు మగ్గాల పనివాళ్ళ సంఘం హాలులో మధ్యాహ్నాలు ఆడవాళ్ళకు బడి నడిచేది. రైల్వే ఉద్యోగి భార్య ఒకావిడ టీచరు. గోడకున్న నల్లబోర్డు మీద వారానికి ఒకరు బస్తీ వార్త రాయాలని ఆవిడ నియమం. నా వంతు వచ్చినప్పుడు ఇలా రాశాను: "మన సంఘం పెద్ద ఇంట్లో తులసి మొక్కకు దాహం ఎక్కువ. నిన్నటి ట్యాంకర్ నీళ్ళు సగం అదే తాగింది."

ఆదివారం అదే హాలులో పంచాయితీకి పిలిచారు. తప్పు ఒప్పుకోకపోతే బడికి తాళమన్నారు. సంఘం పెద్ద, మరో నలుగురు కుర్చీల్లో కూర్చున్నారు. నేను నిలబడ్డాను.

"నా మీద ఏం రాసినవమ్మా?"

"బోర్డు మీదనే ఉన్నది కదన్నా, చూడుండ్రి."

అయిదుగురూ చూశారు. చాలాసేపు చూశారు. అప్పుడు అర్థమైంది నాకు. పెద్దాయన, ఇంకొకాయన చిన్నప్పుడే మగ్గం పనికి దిగినవాళ్ళు, బడి ముఖం ఎరగరు. మిగతా ముగ్గురు ఇక్కడే పుట్టి గుజరాతీ చదివినవాళ్ళు, తెలుగు అక్షరాలు రావు. ఎవరో చెబితే విని కోపం తెచ్చుకున్నారు.

"జర నువ్వే చదువు," అన్నాడు పెద్దాయన.

ముద్దాయినే సాక్షిని కూడా చేశారు. కాస్త మెత్తగా మార్చి చదివితే బడి దక్కేది. నేను మాత్రం వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, ఉన్నది ఉన్నట్టే చదివాను. వెనక ఆడవాళ్ళు నవ్వారు. కుర్చీల్లో ఒకాయన కూడా నవ్వబోయి దగ్గాడు.

ఇక తాళం వేస్తే బస్తీ ఇంకా నవ్వుతుందని భయపడ్డారేమో, తీర్పు మార్చారు: ఇకపై ఏది రాసినా ముందు పెద్దాయనకు చూపించాలి. తెల్లదొరల కాలంలో పత్రికలకూ ఇలాంటి కట్టడే ఉండేదని టీచరు చెప్పింది. ఆ దొరలకు చదవడమైనా వచ్చేది కదా అన్నాను.

తీర్పు ప్రకారం ప్రతి వారం కాగితం ఆయన ఇంటికి తీసుకెళ్ళి నేనే చదివి వినిపించేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. "నీళ్ళు కలిపే గా పాలవాని మీద జర గట్టిగ రాయి," అనేవాడు. మూడో వారం, హాలు కప్పు కురుస్తోందని చదివాను. ఆ కప్పు వేయించింది ఆయన బావమరిది.

"గది తీసెయ్."

"యాడ తియ్యాల్నో మీరే కొట్టెయ్యుండ్రి అన్నా," అని కాగితం, పెన్ను చేతిలో పెట్టాను.

గుమ్మంలోంచి ఆయన కోడలు చూస్తోంది. ఆయన కాగితాన్ని దగ్గరకూ దూరానికీ పట్టి చూశాడు. పెన్నుకు మూత పెట్టి తిరిగిచ్చాడు.

"వానొస్తే కురుస్తది. రాసుకో," అన్నాడు.