అప్పలసూరి పడవలో పచ్చ దీపం

భావనపాడులో అప్పలసూరి కూతురు యమున ఏం ఉద్యోగం చేస్తుందో వాళ్ళ వీధిలో ఎవరికీ సరిగ్గా తెలియదు. వేటకెళ్ళే పడవల్లో బిగించే చిన్న పెట్టె ఒకటుంది. పడవ ఎక్కడుందో అది ఒడ్డుకు చెబుతుంది, గాలివాన హెచ్చరిక వస్తే కీచుమని కూస్తుంది. పనిచేస్తోందని తెలిసేందుకు దాని మీదో పచ్చ దీపం వెలుగుతుంది. దాని లోపల అన్నిటికంటే అడుగున నడిచే కెర్నెల్ కోడు రాసేది ఈ పిల్లే, ఇంట్లో కూర్చునే. కంపెనీతో పోట్లాడి మరీ ఒక పెట్టె తండ్రి పడవలో పెట్టించింది. "ఏటైనా సరే, దీన్ని ఆపీకు నాన్నా" అని ఒట్టు కూడా వేయించుకుంది.

ఒకరోజు పొద్దున్న పడవలకు గాలి హెచ్చరిక వెళ్ళింది. మధ్యాహ్నానికి పడవలన్నీ ఒడ్డెక్కేశాయి, అప్పలసూరిది తప్ప. యమున కంప్యూటరు మీద అతని పడవను చూపే చుక్క సరిగ్గా హెచ్చరిక వెళ్ళిన నిమిషం దగ్గరే ఆగిపోయి ఉంది.

"మీ నాయిన సుక్క కదిలిందేటే?" గుమ్మంలోంచి అడిగింది తల్లి అసిరమ్మ.

"లేదమ్మా."

"లేదంటే ఏటి? సరిగ్గా సెప్పు."

ఏం చెబుతుంది? పెట్టె అయినా చెడి ఉండాలి, పడవ అయినా మునిగి ఉండాలి. తను రాసినదాంట్లో తప్పుండాలని దేవుడికి మొక్కుకునే మనిషి ఉంటుందా ఎక్కడైనా? యమున మొక్కుకుంది, అరసవల్లి సూర్యనారాయణుడికి. బల్ల మీదున్న మరో పెట్టెకు ఉత్తుత్తి హెచ్చరికలు ఎడాపెడా పంపింది. మాయదారి పెట్టె నిక్షేపంగా కూస్తోంది.

చివరికి ఒక కూత సగంలో తెగిపోయింది.

కారణం దొరికింది. చోటు చెప్పే పని, హెచ్చరిక అందుకునే పని, రెండూ ఒకే మెమరీ ముక్కను వాడుకుంటాయి. ఎంతమంది వాడుతున్నారో పక్కనే లెక్క ఉంటుంది. లెక్కను సున్నా చేసినవాళ్ళు ఆ ముక్కను వదిలేయాలి. ఒకటి వదిలేస్తున్న క్షణంలోనే రెండోది 'ఉంది కదా' అని చెయ్యి వేసింది, లేని పీట మీద కూర్చోబోయినట్టు. అంతే, పెట్టె బిగుసుకుపోయింది. సున్నా అయినదాన్ని మళ్ళీ ఎవరూ పట్టుకోకుండా యమున రెండు వరసలు దిద్దింది. ఆ తర్వాత ఎన్ని పంపినా పెట్టె ఆగలేదు.

"అమ్మా, తప్పు నాదేనే. పెట్టే సచ్చిపోయుంటాది" అని ఏడుస్తూనే నవ్వింది.

"మరి మీ నాయినో?" అంది అసిరమ్మ. యమున లేచి ఒడ్డుకు పరుగెత్తింది.

పొద్దు వాలాక పడవ వచ్చింది, ఒక పక్క చెక్క విరిగి, వలలు పోయి. అప్పలసూరి మోచేతికి తువ్వాలు కట్టుకున్నాడు. దానికంతా నెత్తురు.

"గాలి తిరిగినప్పుడే వచ్చీలేకపోయావా నాన్నా?" అంది యమున.

"వచ్చేద్దుమే. పచ్చ లైటు ఎలుగుతానే ఉన్నాది. నా కూతురు సూస్తన్నాది, పెమాదముంటే కూస్తాది కదా అని ఇంకో వల ఏసినాం."

యమున తడికాళ్ళతోనే ఇంట్లోకి పరుగెత్తింది. ఇందాక బల్ల మీది పెట్టె చచ్చినప్పుడు కూడా దాని పచ్చ దీపం వెలుగుతూనే ఉంది, తనే పట్టించుకోలేదు. కెర్నెల్ ఆగిన మరుక్షణం అది ఆరిపోయేలా మార్చింది. తిరిగొచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది.

"ఇంక గాలి తిరిగితే లైటు సూడకు నాన్నా, వచ్చీ. నన్ను నమ్ముకోకు."

"నిన్ను కాక ఎవుల్ని నమ్ముతానే?" అన్నాడు అప్పలసూరి.