మా అమ్మ చెయ్యి ఎత్తిన రోజు

తొంభైల నడుమ మా అమ్మ సాతంరాయి నుంచి మండల పరిషత్ సభ్యురాలైంది. సీటు ఆడవాళ్లకు రిజర్వయింది కాబట్టి పార్టీవాళ్లు వచ్చి అమ్మను నిలబెడతావా అని మా బాపును అడిగారు. అమ్మను ఎవరూ అడగలేదు. అయినా ఆవిడ ఊరుకోలేదు. గడపగడపకూ తిరిగి ఒక్కటే మాట చెప్పింది: మన చర్చి గల్లీకి బోరు వేయిస్తా. ఎండాకాలం వస్తే లారీల మధ్య నుంచి బెంగళూరు రోడ్డు దాటి బిందెలు మోసుకొచ్చేవాళ్లం మేము.

అంతకుముందు మండలాధ్యక్షుణ్ని జనమే నేరుగా ఎన్నుకునేవాళ్లు. అప్పుడు ఓట్లడగడానికి వచ్చిన పెద్దమనిషి మా మంచం మీద కూర్చున్నాడు, మా కుండలో నీళ్లు తాగాడు, మా నానమ్మ కాళ్లు కూడా మొక్కాడు. ఈసారి పద్ధతి మారింది. గెలిచిన సభ్యులే చేతులెత్తి అధ్యక్షుణ్ని ఎన్నుకోవాలి. ఇంకేముంది, ఈసారీ అమ్మ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి నిలబడిన ఆ పెద్దమనిషికి మా గల్లీతో పనే లేకుండా పోయింది. సభ్యులు అవతలివాళ్ల చేతిలో పడకుండా అందర్నీ బస్సెక్కించి తిరుపతి క్యాంపుకు పంపాడు.

మా ఇంటి నుంచి బస్సెక్కింది మాత్రం బాపు! పెళ్లాం గెలిస్తే మొగుడే సభ్యుడని వాళ్ల లెక్క. బాపుదీ అదే లెక్క. ఇస్త్రీ బట్టలేసుకుని దర్జాగా పోయాడు. అమ్మ ఎప్పటిలాగే వంకాయ తోటకు పోయింది.

ఎన్నిక దగ్గర పడ్డాక అవతలి పార్టీవాళ్లు నేరుగా మా ఇంటికొచ్చి అమ్మతో మాట్లాడారు. ఆ కబురు విన్నాకగానీ పెద్దమనిషికి వెలగలేదు, చెయ్యెత్తాల్సింది తిరుపతిలో ఉన్న బాపు కాదని. జీపేసుకుని ఉరికొచ్చాడు. పార్టీ విప్ ఉంది, మాట తప్పితే సభ్యత్వం పోతుందని బెదిరించాడు. తర్వాత బతిమాలాడు.

అమ్మ తొణకలేదు. "పోతే పోనీ అన్నా. గల్లీల బోరు పడితేనే నేనొస్త."

మర్నాడు పొద్దున్నే గగన్‌పహాడ్ వైపు నుంచి బోరు లారీ దిగింది. మధ్యాహ్నానికల్లా నీళ్లు పైకి చిమ్మాయి. గల్లీ జనమంతా తడిసి ముద్దయ్యాం, నవ్వుకున్నాం. ముందు ఎన్నిక కానియ్యండి, చేతిపంపు ఆ వెంటనే బిగిస్తామన్నారు పెద్దమనిషి మనుషులు. నీళ్లు కళ్లారా చూసిన అమ్మ నమ్మింది, వెళ్లి చెయ్యెత్తింది. పెద్దమనిషి అధ్యక్షుడయ్యాడు. క్యాంపు నుంచి తిరిగొచ్చిన బాపు, పాస్టరుగారి కంట పడకుండా తిరుపతి లడ్డూను బియ్యం డబ్బాలో దాచాడు.

చేతిపంపు రాలేదు. చిన్నపిల్లలు మట్టి పోయకుండా బోరు గొట్టం మీద బండ పెట్టాం. అమ్మ మండలాఫీసుకు పోయినప్పుడల్లా పెద్దమనిషి, మా బాపు ఎట్లున్నాడని అడిగి, మర్యాదగా పంపించేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. పాత పద్ధతే ఉంటే ఆ మనిషే ఓట్లకోసం మళ్లీ మా మంచం మీద కూర్చోవాల్సొచ్చేది, పంపు బిగించేవాడు కూడా. ఇప్పుడు ఆయనకు ఆ అవసరం లేదు.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. బిందెలతో పోతూ అమ్మ ఆ బండ దగ్గర ఆగింది.

"పంపు బిగించేదాంక చెయ్యి లేపకుండ ఉండాల్సుండె బిడ్డా" అంది.

ఇద్దరం రోడ్డు దాటి నీళ్లకు పోయాం.